తేట కాదు, ముద్ద పెట్టండి

మన రాచర్ల వైపు ఏ ఊళ్లోనైనా సరే, ఆపరేషన్ చేయించుకొని ఇంటికొచ్చిన మనిషికి ఏం పెడుతున్నారని అడిగి చూడండి. దాదాపు ఒకే జవాబు వస్తుంది. పాతబియ్యం అన్నం, మిరియాల చారు. పొద్దున ఇడ్లీ, అందులోకి చట్నీ కాదు, కారప్పొడి. మధ్యలో ఆకలంటే రెండు బ్రెడ్డు ముక్కలు. పప్పు వద్దు, కుట్లు చీము పడతాయి. గుడ్డు వద్దు, వేడి. పెరుగు వద్దు, జలుబు చేస్తుంది, దగ్గితే కుట్లు లాగుతాయి. శనక్కాయలు వద్దు, పైత్యం. వంకాయ, గోంగూర సంగతి సరేసరి. మాంసం మాట నెల దాటేదాకా ఎత్తకూడదు. ఈ వద్దులన్నీ అయ్యేసరికి, పుండు మానడానికి పనికొచ్చే వస్తువు ఒక్కటి కూడా కంచంలో మిగలదు.

చిన్నాచితకా ఆపరేషన్లు గిద్దలూరులోనో మార్కాపురంలోనో అయిపోతాయి. పెద్దవైతే నంద్యాల, కర్నూలు, ఒంగోలు, గుంటూరు. ఎక్కడ కోసినా కోలుకోవాల్సింది ఇంట్లోనే. డాక్టరు కోయడానికి, కుట్టడానికి పట్టేది గంటో రెండు గంటలో. అది మానడానికి పట్టేది వారాలు. ఆ వారాల వైద్యమంతా వంటింటి చేతిలో ఉంది. అందుకే ఈ పూట వంటింటి వాళ్లతోనే మాట్లాడదామని వచ్చాను.

మన రాష్ట్రంలో ఈ మాట మరీ ముఖ్యం. ఎందుకంటే మన దగ్గర ఆపరేషన్ బల్ల ఎక్కేవాళ్లలో ఆడవాళ్లు తక్కువేమీ కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో నూరు కాన్పులైతే 42 సిజేరియన్లు. దేశం మొత్తం మీద ఆ లెక్క 21 దాటి కొంచెమే. పెళ్లయి 15 నుంచి 49 ఏళ్ల మధ్య ఉన్న ఆడవాళ్లలో నూటికి సుమారు 70 మంది పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. గర్భసంచి తీయించుకున్నవాళ్లు 2015–16 సర్వేలో నూటికి దాదాపు తొమ్మిది మంది తేలారు, దేశం సగటు మూడే. అవసరమున్నా లేకపోయినా గర్భసంచులు తీసేయడం వేరే కథ, అది ఇంకో రోజు చెప్పుకోవాల్సిన కథ. ఇక రక్తహీనత ఉన్న ఆడవాళ్లు నూటికి 59 మంది. అంటే అసలే రక్తం చాలని మనిషి, దాని మీద కోత, దాని మీద చారన్నం.

మగమనిషి కాలు విరిగి మంచాన పడితే మాత్రం మేక కాళ్ల కోసం కబురు వెళ్తుంది. ఆ వివక్ష గురించి నేను వేరే చెప్పక్కర్లేదు, వింటున్న అక్కలకు తెలుసు.

ఇంతకీ కోత పడ్డాక ఒంట్లో ఏం జరుగుతుంది? 1930ల మొదట్లో గ్లాస్గోలో డేవిడ్ కత్‌బర్ట్‌సన్ అనే ఆయన ఒక పని చేశాడు. ఎముకలు విరిగి ఆసుపత్రిలో ఉన్నవాళ్ల మూత్రంలో రోజూ నత్రజని ఎంత పోతున్నదో కొలిచాడు. ఒంట్లో ప్రొటీన్ కరిగితే ఆ నత్రజని మూత్రంలో బయటపడుతుంది కాబట్టి అది కండ కరిగిన లెక్క. విరిగింది కాలొక్కటే, కానీ పోతున్న లెక్క చూస్తే దెబ్బ తగిలిన చోటి కండతో సరిపోయేది కాదు. ఒళ్లంతటి కండ నుంచీ తీస్తున్నది శరీరం. గాయమైన చోటికి సరుకు కావాలి, తెల్ల రక్తకణాలకు కావాలి, క్రిములతో పోరాడే యాంటీబాడీలకు కావాలి. తిండిలో రాకపోతే తొడల్లోంచి, భుజాల్లోంచి పీక్కుంటుంది. ఆపరేషన్ అయిన నెలకు మనిషిని చూసి "సగమైపోయింది పాపం" అంటామే, ఆ పోయిన సగంలో కొవ్వు కొంతే, కండ చాలా ఉంటుంది.

1936లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో హైరమ్ స్టడ్లీ అనే సర్జన్ ఇంకో లెక్క తీశాడు. కడుపులో పుండ్లకు ఆపరేషన్ చేయించుకున్న రోగుల్లో, ముందే అయిదో వంతుకు మించి బరువు తగ్గిపోయి వచ్చినవాళ్లలో మూడింట ఒకరు చనిపోయారు. అంత తగ్గనివాళ్లలో నూటికి ముగ్గురు నలుగురే. ఇవాళ మందులు, మత్తు, శుభ్రత ఎంతో మారాయి కాబట్టి ఆ అంకెలు ఇప్పటివి కావు. కానీ ఆపరేషన్ తేదీ ముందే తెలిసినవాళ్లు, హెర్నియాకో గర్భసంచికో రెండు వారాల తర్వాత రమ్మన్నవాళ్లు, ఆ రెండు వారాలూ దిగులుతో తిండి మానేయకూడదన్న సంగతి మాత్రం మారలేదు.

చర్మం అతుక్కోవడానికి కొల్లాజెన్ అనే ప్రొటీన్ కావాలి. కుట్లు విప్పారంటే మానిపోయినట్టే అనుకుంటాం. అది పైకి అతుక్కోవడమే. మూడు వారాలకు ఆ చోటు బలం మామూలు చర్మంలో మూడో వంతు కూడా ఉండదు. మూడు నెలలకు కూడా నూటికి 80 వంతులు మించదు. అందుకే బరువులెత్తొద్దంటారు డాక్టర్లు. అందుకే తిండి జాగ్రత్త కూడా కుట్లు విప్పేదాకా కాదు, కనీసం రెండు మూడు నెలలు.

ఇప్పుడు చారన్నం లెక్క చూద్దాం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం ఆరోగ్యంగా ఉన్న మనిషికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. 50 కిలోల మనిషికి 42 గ్రాములు అనుకోండి. పెద్ద ఆపరేషన్ అయినవాళ్లకు కిలోకు 1.2 నుంచి 1.5 గ్రాములు ఇవ్వాలని సర్జరీ పోషణ చూసే నిపుణులు చెబుతున్నారు. అంటే ఆ 50 కిలోల మనిషికే 60 నుంచి 75 గ్రాములు. మన పథ్యంలో ఎంత ఉంది? రెండు ఇడ్లీలకు నాలుగు గ్రాములు. మధ్యాహ్నం వంద గ్రాముల బియ్యం అన్నానికి ఎనిమిది. రాత్రి ఇంకాస్త తక్కువ తింటుంది, ఆరు. రెండు బ్రెడ్డు ముక్కలకు నాలుగు. టీల్లో పడ్డ పాలకు మూడు. చారులో ఏమీ లేదు. మొత్తం 25. ఆరోగ్యవంతురాలికి కావలసినంత కూడా లేదు, కోలుకునే మనిషికి సగం కూడా కాదు.

ఈ లెక్క చెప్పగానే ఎదురొచ్చే ప్రశ్న నాకు తెలుసు. వార్డులో క్యారియర్ విప్పుతూ అత్తగారు అడుగుతుంది: "నువ్వు చెప్పేది బాగానే ఉందమ్మా, రేపు కుట్లు చీము పడితే నువ్వొస్తావా?" ఆమె భయం కోడలి మీద ప్రేమ లేక కాదు. ఆమె అమ్మ అలాగే చెప్పింది.

చీము పప్పుతో రాదమ్మా. క్రిములు చేరితే వస్తుంది. ఆ క్రిములతో పోరాడి చచ్చిన తెల్లకణాలే చీము. ముద్దపప్పు రంగూ చీము రంగూ ఒకటిగా కనబడటమే ఈ నమ్మకానికి మూలమేమో అని నా అనుమానం. పుండు చీము పట్టడానికి కారణాలు వేరే ఉన్నాయి. అదుపులో లేని షుగరు. కట్టు తడవడం. చేతులు కడుక్కోకుండా కుట్లు ముట్టుకోవడం. ఎవరో చెప్పారని ఆకుపసరు పూయడం. మగవాళ్లకైతే చుట్ట, బీడీ. పొగ తాగితే పుండుకు వెళ్లే రక్తంలో ఆక్సిజన్ తగ్గుతుంది, మానడం ఆలస్యమవుతుంది. కుట్ల చుట్టూ ఎర్రబడి వేడిగా ఉన్నా, నొప్పి తగ్గాల్సింది పోయి పెరుగుతున్నా, జ్వరం వచ్చినా, నీరు కారి వాసన వేస్తున్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. పప్పు మాన్పించి ఇంట్లో కూర్చుంటే క్రిములు ఆగవు, పోరాడే కణాలే తగ్గుతాయి.

పప్పు తింటే కడుపు ఉబ్బరం మాత్రం నిజమే. పొట్ట కోసినవాళ్లకు మొదటి రోజుల్లో అది బాధే. దానికి మార్గం పప్పు మానడం కాదు. పెసరపప్పుతో మొదలుపెట్టండి. మెత్తగా ఉడికించి, జీలకర్ర, ఇంగువ వేసి, కొద్దికొద్దిగా నాలుగైదు సార్లు పెట్టండి. అది పడ్డాక కందిపప్పు.

పథ్యం మన పెద్దలు చెప్పింది కదా, శాస్త్రం కదా అనేవాళ్లు ఉంటారు. అయితే శాస్త్రమే చూద్దాం. సుశ్రుత సంహిత సూత్రస్థానంలో 19వ అధ్యాయం పేరు వ్రణితోపాసనీయం, పుండు ఉన్న మనిషిని చూసుకునే పద్ధతి. అందులో కొత్త ధాన్యం, మినుములు, నువ్వులు, ఉలవలు, పాలు, పెరుగు, పులుపు, కారం వద్దన్నమాట నిజం. మనకు వంశపారంపర్యంగా వచ్చిన వద్దుల్లో కొన్ని అక్కడివే. కానీ అదే అధ్యాయం ఏం పెట్టాలో కూడా చెప్పింది. పాత బియ్యపు అన్నం నెయ్యితో వేడివేడిగా పెట్టమంది, పెసరకట్టు పెట్టమంది, మెట్ట ప్రాంతాల జంతువుల మాంసం పెట్టమంది. పెసలూ మాంసమూ రెండూ ఉన్నాయి! మనం చేసిందేమిటంటే వద్దన్నవి గుర్తు పెట్టుకొని, పెట్టమన్నవి వదిలేశాం. పైగా ఎవరింటి వద్దులు వాళ్లు కలిపాం. ఇవాళ్టి వైద్యం పాలు, పెరుగు, ఉలవలు కూడా తినొచ్చంటుంది. అది నమ్మకపోయినా సరే, సుశ్రుతుణ్ణి నమ్మినా పప్పు కంచంలోకి రావాల్సిందే.

ఇంకో పెద్ద అపోహ ఉంది. నాకు మరీ బాధ కలిగించేది ఇదే. సారమంతా నీళ్లలోకి దిగుతుందని మన నమ్మకం. పప్పు ఉడికాక పైన తేరుకున్న తేట వంచి, దాంతో చారు కాచి రోగికి పోస్తాం. అడుగున ఉన్న ముద్ద ఇంట్లో తక్కినవాళ్లు తింటారు. కాళ్ల సూపు కాచి, సూపు రోగికి తాపి, ముక్కలు పిల్లలకు వేస్తాం. సూపులో దిగేది కాస్త జిగురు, ఉప్పు, కొవ్వు. దాని ప్రొటీన్ అరకొర రకం, ఒక్కదాంతో కండ కట్టదు. ప్రొటీన్ ముక్కలో ఉంది, ముద్దలో ఉంది.

ఉలవచారు సంగతి అంతకన్నా విచిత్రం. ఉలవలు గంటలకొద్దీ ఉడకబెట్టి, నీళ్లు వార్చి, ఆ నీళ్లతో చారు కాస్తాం. బలమని ఆ చారు రోగికి పోస్తాం. ఉడికిన ఉలవలు గంపకెత్తి గాట్లోకి తీసుకెళ్లి ఎద్దుల ముందు పోస్తాం. వంద గ్రాముల ఉలవల్లో ఇరవైకి పైగా గ్రాముల ప్రొటీన్. అదంతా ఎద్దుకు పోతుంది, దాని నీళ్లు కోడలికి వస్తాయి. గేదె ఈనిందంటే ఉలవలు, తవుడు, పత్తిగింజలు, తెలగపిండి ఎంత శ్రద్ధగా పెడతాం! ఒళ్లు తగ్గితే పాలు తగ్గుతాయని మనకు బాగా తెలుసు. అదే ఇంట్లో సిజేరియన్ అయి, చంటిబిడ్డకు పాలిస్తున్న పిల్లకు మాత్రం మిరియాల చారు.

కాబట్టి ఉలవచారు కాచండి, తప్పులేదు, కానీ ఉడికిన ఉలవల్లో గుప్పెడు ఇటు పక్కన పెట్టండి. ఉల్లిపాయ వేసి తాలింపు పెట్టినా, మెత్తగా రుబ్బి ఆ చారులోనే కలిపినా మంచిదే.

ఇంకా కొనడానికి పరుగెత్తాల్సిన పనే లేదు మనకు. పశ్చిమ ప్రకాశం కందులు పండించే నేల. శనగ, పెసర, అలసంద, సజ్జ, కొర్ర, జొన్న మనకు కొత్తవి కావు. కొర్రన్నంలో వరి అన్నం కన్నా ప్రొటీన్ ఎక్కువ. గొర్రెలు, మేకలు మన ఊళ్లలోనే మేస్తున్నాయి. గుండ్లకమ్మ మీద కంభం చెరువు నిండిన ఏడు చేపలకు కొదవ లేదు. గుడ్లు ప్రతి చిల్లర కొట్లోనూ ఉన్నాయి.

అరవై గ్రాములు ఎలా వస్తాయంటే కష్టమేమీ కాదు. పొద్దున యాభై గ్రాముల పెసలతో పెసరట్లు వేస్తే పన్నెండు గ్రాములు. ఉడికించిన గుడ్డు ఒకటికి ఆరు. మధ్యాహ్నం అన్నంలో యాభై గ్రాముల కందిపప్పుతో చేసిన ముద్దపప్పు, దానికి పదకొండు, అన్నానికి ఎనిమిది, చివర పెరుగన్నంలో అయిదు. సాయంత్రం గుప్పెడు పుట్నాలో, ఉడకబెట్టిన శనక్కాయలో, ఏడు. రాత్రికి జొన్న రొట్టె, అందులోకి అలసంద కూరో ఇంకో గుడ్డో, పన్నెండు పదమూడు. పడుకోబోయే ముందు గ్లాసు పాలు, ఏడు. అరవై దాటింది. ఇందులో మాంసం లేదు చూడండి. కోడి కూర వందగ్రాముల ముక్కలు తింటే ఒక్కసారే ఇరవై అయిదు గ్రాములు వస్తాయి. గుడ్డు కూడా ముట్టనివాళ్లకు మీల్‌మేకర్ ఉంది. ముప్పై గ్రాముల ఎండు మీల్‌మేకర్‌లో పదిహేను గ్రాములు. పప్పు ఒక్కటే తిన్నా, అన్నం ఒక్కటే తిన్నా ప్రొటీన్ పూర్తి రకం కాదు. రెండూ కలిస్తే ఒకదానిలో కొరత ఇంకోటి తీరుస్తుంది. పప్పన్నం కనిపెట్టినవాళ్లు మామూలు మనుషులు కారు.

ఒకే పూట అంతా కుక్కితే ఒంటికి పట్టదు. పూటపూటకూ కొంత ఉండాలి. ఆకలి లేదని తిరగ్గొట్టే రోగికి కంచం నిండా పెట్టకండి, చిన్న గిన్నెలో పెట్టి గంటకోసారి అడగండి. ముందు పప్పూ గుడ్డూ తినిపించి తర్వాత అన్నం పెట్టండి. చారన్నంతో కడుపు నిండాక ముద్దపప్పు ఎవరు తింటారు?

ఏమీ తినలేని రోజుల కోసం ఒక పిండి చెబుతాను. తిండి చాలని పిల్లల కోసం జాతీయ పోషకాహార సంస్థ తయారుచేసిన హైదరాబాద్ మిక్స్ ఇది. వేయించిన గోధుమలు 40 గ్రాములు, వేయించిన శనగలు 16, వేరుశనగ పలుకులు 10, బెల్లం 20. పొడి కొట్టుకుంటే పదకొండు గ్రాముల ప్రొటీన్, 330 కేలరీలు. పాలల్లో జావలా కలిపినా, ఉండ చుట్టినా పెద్దవాళ్లకూ పనికొస్తుంది. షుగరు ఉన్నవాళ్లు బెల్లం లేకుండా చేసుకోవాలి. మందుల షాపులో వందలకు వందలు పోసి కొనే పౌడర్ డబ్బాల్లో చాలావాటికి రెండు చెంచాలకు వచ్చేది అయిదారు గ్రాములే. అంటే ఒక గుడ్డు. డాక్టరు ప్రత్యేకంగా రాస్తే తీసుకోండి, లేకపోతే ఆ డబ్బు కోళ్ల గూడు దగ్గర ఖర్చు పెట్టండి.

బాలింతలకు అంగన్‌వాడీ నుంచి గుడ్లు, పాలు, కందిపప్పు వస్తున్నాయి. పేరు ఆమెదే. కానీ ఆమె పథ్యంలో ఉందని ఆ గుడ్లు ఎవరు తింటున్నారో ఇంటింటా తెలిసిందే. ఆమె గుడ్డు ఆమెకే పెట్టండి.

ముసలివాళ్ల సంగతి కొంచెం వేరు. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయిన పెద్దాయన, లేచి తిరిగితే శనివారం నెమలిగుండ్ల రంగనాయకస్వామిని చూసుకుంటానని మొక్కుకుంటాడు. మనం ఆయన్ని మంచం దిగనివ్వం. అమెరికాలో ఆరోగ్యంగా ఉన్న వృద్ధులనే పది రోజులు మంచం మీద ఉంచి చూస్తే ఒక్క కాళ్లలోనే కిలో దాకా కండ పోయింది, 2007లో వచ్చిన పరిశీలన అది. జబ్బు లేనివాళ్ల సంగతే అలా ఉంటే ఇక ఈయన ఎంత? డాక్టరు నడవమన్న రోజునే పట్టుకొని నడిపించండి. తిండీ నడకా రెండూ ఉంటేనే కండ నిలుస్తుంది. పళ్లు లేకపోతే గుడ్డు మెదిపి, చికెన్ మెత్తగా చిదిమి, పప్పులో పెరుగు కలిపి పెట్టండి.

కొందరు మాత్రం నా మాట విని సొంతంగా మొదలుపెట్టకూడదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, లివరు బాగా దెబ్బతిన్నవాళ్లు ఎంత ప్రొటీన్ తినాలో వాళ్ల డాక్టరే చెప్పాలి. పేగులకు, కడుపుకు, క్లోమానికి ఆపరేషన్ అయినవాళ్లు ఎప్పుడు ఏది మొదలుపెట్టాలో సర్జన్నే అడగాలి. డిశ్చార్జి రోజు మనం అడిగేది "ఏం తినకూడదు సార్?" అని. ఆయన హడావిడిలో "అన్నీ తినొచ్చమ్మా" అని వెళ్లిపోతాడు. మనం నమ్మం. అలా కాకుండా పేరు పెట్టి అడగండి. పప్పు ఎప్పటినుంచి? గుడ్డు ఎప్పటినుంచి? మాంసం ఎప్పటినుంచి? చీటీ మీద రాయించుకోండి. ఇంట్లో పెద్దావిడకు ఆ చీటీ చూపిస్తే సగం వాదన అక్కడే తీరిపోతుంది.

చివరగా పరామర్శకు వెళ్లేవాళ్లకు ఒక విన్నపం. మనం పట్టుకెళ్లేది బత్తాయిలు, బ్రెడ్డు ప్యాకెట్టు, కొబ్బరి బొండాం. బత్తాయిల్లో సి విటమిన్ ఉంది, పుండు మానడానికి అదీ కావాలి, కాబట్టి అవి మానొద్దు. బొండాంలో ప్రొటీన్ లేదు, బ్రెడ్డులో ఉన్నది అంతంత మాత్రం. ఈసారి వెళ్లేటప్పుడు ఆ సంచిలో డజను గుడ్లో, అరకిలో పెసరపప్పో, కిలో పుట్నాలో వేసుకెళ్లండి. తెలిసిన ఇల్లయితే ముద్దపప్పు, నెయ్యి క్యారియర్‌లో సర్దుకొని వెళ్లి, మంచం పక్కన కూర్చొని దగ్గరుండి తినిపించి రండి.